శ్రీహరికోటకు వెళ్లేవారికి

రాకెట్ ప్రయోగాన్ని కళ్లారా చూడాలనుందా? సూళ్లూరుపేటలో రైలు దిగితే శ్రీహరికోట దగ్గరే. 2019 మార్చి 31న ఇస్రో అక్కడ 5,000 మంది కూర్చునే గ్యాలరీ తెరిచింది. మర్నాడే పీఎస్ఎల్‌వీ సీ45 రాకెట్ ఎగిరింది. ముందుగా ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి.

రాకెట్ ప్రయోగంలో భద్రత ఎంత ముఖ్యమో చూడండి. 2010 డిసెంబరు 25న జీఎస్ఎల్‌వీ ఎఫ్06 రాకెట్ అదుపు తప్పింది. ఎగిరిన నిమిషం దాటగానే భద్రతాధికారులు దాన్ని గాల్లోనే పేల్చేశారు. శకలాలు బంగాళాఖాతంలో పడ్డాయి. ఏళ్ల తరబడి పడ్డ శ్రమని అలా చేజేతులా కాల్చేయడానికి ఎంత గుండె నిబ్బరం కావాలో! తీరంలో జనం ఉన్నారు మరి. అందుకే ధ్రువ కక్ష్యకు వెళ్లే పీఎస్ఎల్‌వీ కూడా శ్రీలంక మీదుగా పోకుండా దారి మళ్లుతుంది, ఇంధనం ఎక్కువ ఖర్చయినా సరే.

ప్రయోగానికి ముందు సముద్రంలోకి వెళ్లొద్దని అక్కడి మత్స్యకారులకు చెబుతారు. మన నక్కపల్లి మండలం రాజయ్యపేట మత్స్యకారులకు తుపాను హెచ్చరిక వస్తే ఎలా ఉంటుందో అలాగే: ఆ పూట వేట పోయినట్టే. ఆ నష్టం చిన్నది కాదు.

ఒక్కమాట. వాతావరణం బాగాలేకపోతే ప్రయోగం వాయిదా పడుతుంది. తిరుగు టిక్కెట్టు ఒకరోజు అటూఇటూ చూసుకుని తీసుకోండి.