వృద్ధమాతాపితరుల పోషణము – శాస్త్రము, చట్టము



పురాణశ్రవణమునకు వచ్చెడి వృద్ధులు కొందరు, కథ ముగిసి జనము లేచిపోయిన తరువాత దగ్గరకు వచ్చి, మెల్లగా ఒక ప్రశ్న అడుగుచుందురు. "ఉన్న ఇల్లు పిల్లవాని పేర వ్రాసి ఇచ్చినాము. ఇప్పుడు ఆ ఇంటిలోనే మాకు చోటు కరువైనది. ఇచ్చినదానిని మరల పుచ్చుకొన్నచో దత్తాపహార దోషము రాదా?" అని వారి సందేహము. ఈ ప్రశ్నలో ఆకలి ఉన్నది, అవమానము ఉన్నది, వాటికంటె మిన్నగా పాపభీతి ఉన్నది. అన్యాయమునకు గురియైనవారే పాపమునకు వెరచుచున్నారు. కనుక నేడు ఈ సందేహమును శాస్త్రదృష్టితోను, 2007వ సంవత్సరమున మన పార్లమెంటు చేసిన చట్టము దృష్టితోను విచారింతము.

మొదట కర్తవ్యము ఎవరిదో చూడవలెను. తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లిలో, విద్య ముగించుకొన్న శిష్యునకు గురువు చేయు ఉపదేశము కలదు. తల్లిని, తండ్రిని, ఆచార్యుని, అతిథిని దేవతలుగా భావింపుమని అందు ఆజ్ఞ. ఇది మనమందరము ఎరిగినదే. కాని ఆ మాట ఏ సమయమున చెప్పబడినదో గమనింపవలెను. బాలునకు అక్షరాభ్యాసము చేయించునప్పుడు కాదు. గురుకులము విడిచి గృహస్థాశ్రమమునకు పోవుచున్నప్పుడు. తల్లిదండ్రులే అన్నము పెట్టుచున్నంత కాలము ఈ బోధ అంతగా అక్కరలేదు. తనకొక సంపాదన, తనకొక సంసారము ఏర్పడు వేళనే దీని అవసరము.

ధర్మశాస్త్ర వ్యాఖ్యాతలు మనువు పేర ఉదహరించు వచనమొకటి ఉన్నది. వృద్ధులైన తల్లిదండ్రులను, సాధ్వియైన భార్యను, పసిబిడ్డను ఎట్టి పాట్లు పడియైనను పోషింపవలసినదే అని దాని తాత్పర్యము. "నాకు పిత్రార్జితము ఏమియు రాలేదు, నేనెందుకు చూడవలెను?" అను మాటకు ఇందు తావు లేదు. పోషణము ఆస్తికి ప్రతిఫలము కాదు. పుట్టుకతో వచ్చిన ఋణము.

ఇక చట్టమేమనుచున్నది? తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టము 2007 డిసెంబరులో రాష్ట్రపతి ఆమోదము పొందినది. అరువది ఏండ్లు నిండినవారు వయోవృద్ధులు. తమ సంపాదనతోగాని, ఆస్తితోగాని జీవింపలేని తల్లిదండ్రులు పిల్లల నుండి పోషణము కోరవచ్చును. వారికి అరువది నిండి ఉండవలెనను నియమము కూడ లేదు. కన్నవారే కాక, పెంచినవారు, సవతి తల్లిదండ్రులు సైతము ఇందులోనివారే. పిల్లలనగా కుమారుడు, కుమార్తె, యుక్తవయస్సు వచ్చిన మనుమడు, మనుమరాలు. పిల్లలకు ఆస్తి సంక్రమించినదా లేదా అని చట్టము అడుగలేదు. శాస్త్రము చెప్పిన మాటయే ఇచ్చట మరొక భాషలో వినబడుచున్నది. పిల్లలు లేనివారి విషయమున మాత్రము, వారి ఆస్తిని అనుభవించుచున్న, లేక వారి తరువాత పొందబోవు బంధువుపై ఆ భారము మోపినది.

కుమార్తెను చేర్చుట కొందరికి ఎబ్బెట్టుగా తోచవచ్చును. ఆడపిల్ల ఇంట భోజనము చేయరాదని మనలో కొన్ని కుటుంబములలో ఆచారమున్నది. ఆ ఆచారము తల్లిదండ్రుల అభిమానమును కాపాడుటకు ఏర్పడినదే తప్ప, వారిని పస్తులుంచుటకు కాదు. పెట్టగల కూతురు పెట్టెడి అన్నమును మనసారా భుజింపవలెను.

పోషణమనగా అన్నము, వస్త్రము, నివాసము, వైద్యము అని చట్టము వివరించినది. ఇది కోరుటకు పెద్ద కోర్టులకు పోనక్కరలేదు. రెవెన్యూ డివిజనల్ అధికారి స్థాయికి తగ్గని అధికారి అధ్యక్షుడుగా ఉండు ట్రిబ్యునల్‌కు దరఖాస్తు ఇచ్చిన చాలును. తాము పోలేనివారు మరొక వ్యక్తికిగాని, సంస్థకుగాని అధికారమిచ్చి పంపవచ్చును. నోటీసు అందిన తొంబది దినములలో పరిష్కరింపవలెనని, తప్పనిసరియైనచో మరి ముప్పది దినములు మాత్రమే పొడిగింపవచ్చునని నియమము. విచారణకు ముందు ఉభయులను కూర్చుండబెట్టి మాటలాడుటకు రాజీ అధికారికి అప్పగింపవచ్చును. నెలకు ఇప్పించు మొత్తము 10,000 రూపాయలకు మించరాదని ఈ చట్టము హద్దు పెట్టినది. తీర్పు నచ్చని వృద్ధులు అరువది దినములలో జిల్లా స్థాయిలోని అప్పీలు ట్రిబ్యునల్‌ను ఆశ్రయింపవచ్చును. వృద్ధులను ఎక్కడనో విడిచిపెట్టి వచ్చినవారికి మూడు నెలల వరకు కారాగారము, లేక 5,000 రూపాయల వరకు జరిమానా, లేక రెండును విధింపవచ్చును.

"కన్నబిడ్డ మీద అర్జీ పెట్టుటయా? పరువు పోదా?" అని వృద్ధులు వెనుదీయుచున్నారు. పరువు పోవలసినది ఎవరిది? అన్నము పెట్టనివానిది. ఆకలిగొన్న తల్లిది కాదు. తప్పు చేయుచున్న కుమారుని చూచి ఊరకుండుట వానికి మేలు చేయుట కాదు. వానిచేత పాపము పెంచించుట. వానిని ధర్మమార్గమునకు మరల్చుట కూడ తల్లిదండ్రుల కర్తవ్యమే.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. ధర్మశాస్త్రములు పదునెనిమిది వ్యవహారపదములను చెప్పినవి. అందు ఒకటి ఇచ్చినదానిని గూర్చిన వివాదము. నారదుడు దానికి దత్తాప్రదానికమని పేరు పెట్టెను. భయముచేత, దుఃఖముచేత, వంచనచేత ఇచ్చినవి మొదలుగా పదునారు విధములైనవాటిని ఆయన 'అదత్తము' అన్నాడు. అనగా చేయి మారినను అవి ఇచ్చినట్లు కాదు. మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయమున మరియొక విషయమున్నది. ధర్మకార్యము చేసెదనని యాచించినవానికి ధనమిచ్చిన తరువాత, వాడు ఆ కార్యము చేయనియెడల ఆ దానము చెల్లదు. దత్తాపహార దోషము నిజముగా ఇచ్చినదానిని లోభముతో లాగుకొన్నవానికి. "కడదాక చూచుకొందును" అని ఒప్పుకొని, పుచ్చుకొని, మాట తప్పినచో దోషము పుచ్చుకొన్నవానిదే. కావున పెద్దలు ఈ పాపభీతిని విడువవలెను.

చట్టము ఇరువది మూడవ సెక్షనులో ఇదే న్యాయమును గ్రహించినది. కనీస సౌకర్యములు, శరీరపోషణ అవసరములు తీర్చవలెనను షరతుపై వయోవృద్ధుడు ఆస్తి ఇచ్చి, పుచ్చుకొన్నవాడు ఆ షరతు నెరవేర్పనిచో, ఆ బదిలీ మోసముచేతనో, బలాత్కారముచేతనో, అనుచితమైన ఒత్తిడిచేతనో జరిగినట్లు భావించి, ఇచ్చినవారు కోరినచో ట్రిబ్యునల్ దానిని రద్దు చేయవచ్చును. నారదుని అదత్తమునకు, దీనికి ఎంత సామ్యమో చూడుడు!

అయితే ఇచ్చట ఒక మెలకువ కావలెను. షరతుపై ఇచ్చినట్లు రుజువు కానిదే ఈ సెక్షను వర్తింపదని సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో చెప్పినది. 2025 జనవరిలో మధ్యప్రదేశ్‌కు చెందిన ఒక తల్లి వ్యాజ్యములో, ఈ చట్టమును వృద్ధులకు మేలు కలుగునట్లు ఉదారముగా అర్థము చేసికొనవలెనని, ట్రిబ్యునల్ స్వాధీనము కూడ ఇప్పింపవచ్చునని తీర్పు చెప్పి, ఆమె ఆస్తి ఆమెకు మరల ఇప్పించినది. ఆ తల్లి దగ్గర కుమారుడు వ్రాసి ఇచ్చిన పూచీపత్రము ఉన్నది. మాట మాత్రమే ఉన్నవారికి రుజువు చేయుట కష్టము. కనుక దాన సెటిల్‌మెంటు దస్తావేజు వ్రాయువారు, పోషణ షరతును అందులోనే స్పష్టముగా వ్రాయింపవలెను. కుమారుని మీద నమ్మకము లేక వ్రాయించునది కాదు అది, నమ్మకమునకు సాక్ష్యము. తొందర లేనివారు వీలునామా వ్రాయుట మరింత మేలు. అది వ్రాసినవారి తరువాతనే అమలులోనికి వచ్చును; బ్రతికియుండగా మార్చుకొనవచ్చును.

దిక్కులేని వృద్ధులకై జిల్లాకొకటి చొప్పున, నూట ఏబదిమందికి తగ్గకుండ ఆశ్రమములు దశలవారీగా ఏర్పరుపవచ్చునని ఈ చట్టమే అన్నది. మీమాంసకులు విధికి, అనుమతికి భేదము చెప్పుదురు. ఇచ్చట 'వచ్చును' అని మాత్రమే ఉన్నది, 'వలెను' అని లేదు. దానిని 'వలెను'గా మార్చుమని ప్రభుత్వములను అడుగుట పౌరులమైన మన విధి. వృద్ధాప్యమున సహాయము రాజ్యాంగము 41వ అధికరణములోనే చెప్పబడినది. 1995 ఆగస్టు 15న కేంద్రము వృద్ధాప్య పింఛను పథకము ఆరంభించినది. ఆంధ్రప్రదేశ్ 2024లో ఆ పింఛనును 4,000 రూపాయలకు, తెలంగాణ 2019లో 2,016 రూపాయలకు పెంచినవి. అర్హులు సంకోచింపక పొందవలెను. ఇది భిక్ష కాదు.

ఇంత చేసినను చట్టము ఇవ్వలేనిది ఒకటున్నది. భారత యుద్ధానంతరము ధృతరాష్ట్రుడు పదునైదేండ్లు పాండవుల ఇంటనే ఉండెను. ధర్మరాజు ఏ లోపము రానీయలేదు. అన్నము, వస్త్రము, నివాసము, పరిచారకులు అన్నియు ఉన్నవి. కాని భీముడు ఆయన వినునట్లుగా ములుకులవంటి మాటలు పలికెడివాడు. ఆ మాటలకు నొచ్చి ఆ వృద్ధుడు అడవికి పోయెను. అన్నము పెట్టనివానిని ట్రిబ్యునల్ పిలువగలదు. అన్నముతోపాటు ములుకు పెట్టెడివానిని పిలువజాలదు. అచ్చట పని చేయవలసినది మన సంస్కారమే. యువకులారా! ఇంటికి పోగానే పెద్దల ఎదుట కూర్చుండి, వారు చెప్పునది ఒక్క పావుగంట వినుడు.

పెద్దలకు కూడ ఒక మాట. యయాతి కుమారుల యౌవనమునే అడిగెను. మనము అట్లు అడుగరాదు. వారి సంసారము, వారి ఉద్యోగము, వారి నిర్ణయములు వారివి. అన్నము, నీడ, మందు, మంచిమాట అడుగవచ్చును. అది మన హక్కు.

మీ వీధిలో ఆదరణ లేని వృద్ధులున్నచో చూచి ఊరకుండవలదు. వయోవృద్ధుల సహాయమునకు 14567 అను ఉచిత టెలిఫోను సంఖ్య ఉన్నది. వ్రాయలేనివారికి దరఖాస్తు వ్రాసిపెట్టుడు. నడువలేనివారిని వెంటబెట్టుకొని పొండు. ఆ పుణ్యము తీర్థయాత్రకు తీసిపోదు.

స్వస్తి.