తల్లిని తలచుకొనుట

తల్లి గతించిన యింట తొలిదినముల దుఃఖమునకు ఆచారము తోడుగా నిలుచును. దశాహము, మాసికములు, సంవత్సరీకము ఒకదాని వెంట నొకటి వచ్చి మనస్సునకు పని కల్పించును. ఆ పిమ్మట ఆమెను ఏ విధముగా తలచుకొనవలెను? కోవూరులో మా తల్లిగారు కాలధర్మము నొందిన నాటినుండి మేము ఈ ప్రశ్ననే తలపోయుచున్నాము.

శ్రాద్ధమునందు మూడు తరములవారిని పేరుపెట్టి స్మరింతురు. స్త్రీలలో మాత, పితామహి, ప్రపితామహి. మా తల్లిగారు మాకు మాత. మా కుమారులకు పితామహి. వారి బిడ్డలకు ప్రపితామహి. అంతతో ఆ వరుస ముగియును. నాలుగవ తరమువాడు పెట్టు పిండములలో ఆమె పేరుండదు. శాస్త్రమునకు హద్దుండుట న్యాయమే. ఆ హద్దునకు ఆవల ఆమెను నిలుపుకొను భారము మాత్రము ఇంటివారిది.

మా తండ్రిగారు చిన్నవయస్సుననే గతించిరి. నలుగురు పిల్లలు, రెండెకరముల మాగాణి తల్లిగారి పాలబడినవి. కాలువ నీటి వంతు రాత్రివేళ వచ్చినచో లాంతరు పట్టుకొని మడవ కట్టుటకు తామే పోయెడివారు. ధాన్యము అమ్మిన పైకములో మొదట మా చదువు ఖర్చు తీసి, మిగిలినదానితో సంసారము గడిపెడివారు. మనుమరాండ్రు పురిటికి వచ్చినపుడు కాయము తామే దంచెడివారు. 2021 నవంబరులో పెన్న పొంగి కోవూరు ప్రాంతమున నీరు ముంచెత్తినపుడు, ఎనుబది దాటిన వయస్సున, ఇరుగుపొరుగు పిల్లలకు గంజి కాచి పోసిరి. ఇవి యేవియు ఏ దస్తావేజునకును ఎక్కినవి కావు.

పేరుప్రతిష్ఠలు గల స్త్రీల మాటయైనను ఎంత ఆలస్యముగా లోకమునకు అందునో చెప్పుటకు మా నెల్లూరు సీమలోనే ఒక నిదర్శనము కలదు. పొణకా కనకమ్మగారు 1892లో జన్మించిరి, 1923లో నెల్లూరున బాలికలకై కస్తూరిదేవి విద్యాలయమును స్థాపించిరి, స్వాతంత్ర్యోద్యమమున చెరసాలకేగిరి, కన్నకుమార్తెను పోగొట్టుకొన్న తల్లి. తమ జీవితకథను తామే వ్రాసియుంచి 1963లో పరమపదించిరి. 'కనకపుష్యరాగం' అను ఆ స్వీయచరిత్ర గ్రంథరూపమున వెలువడినది 2011లో. ఇట్టివారి వ్రాతయే యింతకాలము మరుగున నుండగా, ఏ పత్రికలోను పేరు పడని గృహిణి మాటను ఇంటివారు గాక మరెవరు దాతురు?

మా తల్లిగారికి చదువు స్వల్పము. తుదిరోజులలో వారు చెప్పగా మనుమరాలు ఒక నోటుపుస్తకము నింపినది. అందులో కాయమునకు శొంఠి, పిప్పళ్లు, మిరియాలు, బెల్లము పాళ్లున్నవి. ఏ శుభకార్యమునకు ఎవరు ఏమి చదివించిరో ఉన్నది. ఒక పుటలో ఇట్లున్నది: తండ్రిగారు పోయిన యేట పొరుగు రైతొకరు తమ యెడ్లతో మా చేను దున్నిపెట్టి, కూలి పుచ్చుకొనలేదు, ఆ యింటివారికి అవసరము కలిగినపుడు మీరు వెనుదీయరాదు.

ఈ సంగతి అంతకు పూర్వము మా కెవ్వరికిని తెలియదు. వెనుకటి యేడు ఆ రైతు మనుమని చదువునకు చిక్కు వచ్చినది. ఆ పుటను చదివియుండుటచేత మేము వారి గడప తొక్కి, చేయగల సాయము చేసితిమి. తద్దినమునాడు తిలోదకములు విడుచునపుడు కలుగు తృప్తి వంటిదే ఆనాడును మాకు కలిగినది. తల్లి ఋణమన పాలిచ్చి పెంచిన ఋణము మాత్రమే కాదు. ఆమె మన కొఱకు లోకమునొద్ద పడిన ఋణములును మనవే. వానిని ఆమె చెప్పినగాని తెలిసికొనుటకు వేఱు దారి లేదు.

మీ యింట వృద్ధురాలైన తల్లియో, అవ్వయో యున్నయెడల, భోజనానంతరము తీరిక దొరికినపుడు ఆమె చెంత కూర్చుండుడు. మన కష్టకాలమున ఎవరెవరు ఆదుకొనిరో అడుగుడు. ఆమె చెప్పిన పేర్లను తేదీ వేసి వ్రాసికొనుడు. పిల్లలచేత వ్రాయించుట మరింత మేలు.