మృదుజలము - మన గొట్టములు

(ఒక పట్టణ పఠనమందిరమున మేము చదివిన ప్రసంగపాఠము)



మంచినీళ్లు, ఉప్పునీళ్లు అను రెండు మాటలతోనే మన పెద్దలు నీటి గుణమును తేల్చివేసిరి. కందిపప్పు త్వరగా నుడికిన నది మంచినీరు. ఎంత మంట పెట్టినను పలుకు మెత్తబడనిచో నది ఉప్పునీరు. సబ్బు నురుగు గట్టిన మంచిది. తెట్టె గట్టిన చెడ్డది. ఈ పరీక్షలు నేటికిని చెల్లుచున్నవి. సున్నము, మెగ్నీషియము అను ధాతువుల లవణములు విస్తారముగ గల నీటిని కఠినజలమనియు, అవి స్వల్పముగ గల నీటిని మృదుజలమనియు శాస్త్రజ్ఞులందురు.

బోరుబావుల నమ్ముకొన్న మన పట్టణములలో కఠినజలముతో పడు పాట్లు గృహస్థు లెరుగనివి గావు. గీజరులోని కడ్డీకి తెల్లని గార పట్టును. కరెంటు ఖర్చు పెరుగును. కుళాయి జల్లెడ పూడిపోవును. బట్టలుతుకు యంత్రము పలుమారు మూలబడును. కావున నీటిని మెత్తపరచు యంత్రములను అమర్చుకొనువారు నేడు పెక్కురు. వారిని మేము నిందింపము. కాని నీరు మెత్తనైనంత మాత్రమున నిర్దోషమగునను నమ్మకము ప్రమాదకరమని విన్నవించుటకే నేడు మీ యెదుట నిలిచితిమి.

కళాయి లేని యిత్తడిగిన్నెలో చింతపండు పులుసు కాచిన నేమగునో మన యింటి స్త్రీలకు వేరుగ చెప్పనక్కరలేదు. పులుసు చిలుమెక్కును, తిన్నవారికి కడుపులో త్రిప్పును. పులుపునకును లోహమునకును నడుమ అడ్డుపొర యొకటి యుండవలెనని వారెరుగుదురు. అందుకే కళాయి పూయింతురు. నీటిగొట్టము సంగతియు నిట్టిదే. వాననీరు గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి కొంచెము పులుపెక్కును. అది సున్నపురాతిపై పారినచో ఆ పులుపు విరిగి, కఠినజలమగును. సామాన్యముగ నట్టి నీరు గొట్టపు లోగోడకు సున్నపు పొరను పూయును. సున్నములేని శిలలపై పారిన నీటి కా పులుపు విరుగదు, పూయుటకు పొరయు లేదు. అది రాగిని తాకిన పాత్రలపై నీలాకుపచ్చ మరకలు పడును. తుత్తునాగము పూసిన యినుపగొట్టమును తాకిన ఆ పూత కరగి, పిమ్మట తుప్పునీరు వచ్చును. సీసమును తాకిన రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. కీడెల్ల నీ మూడవదానియందే యున్నది.

స్కాట్లండు దేశమందలి గ్లాస్గో నగరచరిత్ర దీనికి నిదర్శనము. ఆ నగరమును కలరా మాటిమాటికి పీడించెను. 1853-54 సంవత్సరములలో వేలకొలది జనులు మడిసిరి. అంతట పురపాలకులు కొండలనడుమ గల కట్రీన్ సరస్సు నుండి నీటిని తెప్పించిరి. 1859 అక్టోబరున విక్టోరియా రాణి యా కాలువను తెరచెను. 1866లో కలరా మరల వచ్చినపుడు నగరమున మృతులు నూరుగురికి లోపుగనే యుండిరి. నీరు బహుమెత్తన; సబ్బు ఖర్చును తగ్గెను. ఇంతకంటె మేలైన ప్రజాకార్యమేది?

కాని యా నగరపు టిండ్లలో గొట్టములును, తొట్లును పెక్కు సీసముతో చేసినవి. రాత్రియెల్ల గొట్టమున నిలిచిన మెత్తనినీరు సీసమును కరగించుకొని, తెల్లవారి తేనీటిలోనికిని, శిశువుల పాలడబ్బాల కలుపులోనికిని పోయెను. సీసము పసివారి మెదడు ఎదుగుదలను కుంటుపరచునని, ఇంతవరకైన ఫరవాలేదను మోతాదు లేదని నేటి వైద్యశాస్త్రము చెప్పుచున్నది. నగరమునకు నీరు చేరిన 119 ఏండ్లకు, 1978లో, ఆ నీటికి సున్నము కలిపి పులుపును విరుచుట మొదలిడిరి. తల్లుల రక్తములో సీసము తగ్గుట వైద్యులు కొలిచి చూచిరి. 1989 నుండి భాస్వరపు లవణమును గూడ కలిపిరి. అది సీసముతో గలసి కరగని పొరగా గొట్టమున కంటుకొనును. కొండనీటిని తెచ్చిన దొడ్డబుద్ధికి, గొట్టమునకు కళాయి పూయు చిన్నబుద్ధి తోడగుటకు నాలుగు తరములు పట్టెను!

మనకేమి, మన గొట్టములు సీసమువి గావని మీరనవచ్చును. నిజమే. కాని ఇత్తడి కుళాయిలలో సీసము కొంత కలియుట కలదు. ప్లాస్టిక్ గొట్టముల తయారీలో సీసపు లవణములు వాడుకలో నుండబట్టియే భారతప్రభుత్వము 2021లో వానిని మాన్పించు నియమములను చేసెను. అంతకుముందు వేసిన గొట్టములు గోడలలో నట్లే యున్నవి. తాగునీట సీసము లీటరుకు 0.01 మిల్లీగ్రాము మించరాదని మన జాతీయప్రమాణము. ఆ ప్రమాణమే కాఠిన్యమును 200 మిల్లీగ్రాములవరకు సమ్మతించి, వేరు ఆధారము లేనిచోట 600 వరకు సహించుచున్నది. అనగా కాఠిన్యమును సున్నకు దింపుమని యెవ్వరును కోరలేదు.

కావున గృహస్థులకు మా మనవి యిది. మెత్తపరచిన నీటిని గీజరునకును, బట్టలయంత్రమునకును ఇచ్చుడు. వంటయింటి కుళాయిని విడిగా నుంచుడు. గీజరు తొట్టిలో మెగ్నీషియపు కడ్డీ యొకటి యుండును. తాను కరగి తొట్టిని కాపాడుట దాని ధర్మము. మెత్తపరచిన నీటిలో నది త్వరగా కరగును గనుక ఏటేట చూపించుడు. తెల్లవారి మొదటి నీటిని అంట్లకు, కడుగుళ్లకు వాడి, పిమ్మటి నీటిని త్రాగుడు. కాచిన క్రిములు చచ్చును గాని సీసము పోదు. నీరు మరిగి తగ్గినకొలది చిక్కబడును.

కడపటి మాట పురపాలక సంఘములతో. నీటి నిచ్చుటతో మీ ధర్మము తీరలేదు. ఆ నీటి కాఠిన్యమెంత, పులుపెంత, కుళాయివద్ద సీసమెంత - ఈ మూడంకెలను పరీక్షించి, ఇట్టి పఠనమందిరముల గోడలకు ప్రతిమాసము అంటింపుడు. పన్ను కట్టు పౌరుడు తన బిడ్డ త్రాగునదేదో తెలియగోరుట యాచనగాదు, హక్కు. అడుగకున్న నెవరును చెప్పరు. అడుగుదము.