తీర్పు చెప్పే కుర్చీ ఎవరి దయ మీద ఉండాలి?

(మండల సభ్యుల సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మద్దతు ధర గురించో, యూరియా గురించో మాట్లాడతామని అనుకొని ఉంటారు. ఈసారి ట్రిబ్యునళ్లలో కూర్చునే న్యాయమూర్తుల పదవీకాలం గురించి మాట్లాడాలని సంఘం నిర్ణయించింది. అది వకీళ్ల సంగతి, మనకెందుకని కొందరు అడిగారు. ఎందుకో చెబుతాం.

మనలో కౌలు రైతులున్నారు. ఏటా ఉగాదికి కౌలు మళ్లీ మాట్లాడుకోవాలి. భూమి యజమానికీ పక్క రైతుకీ గట్టు తగాదా వచ్చి, ఆ కౌలుదారునే తీర్పు చెప్పమంటే ఏం చెబుతాడు? మనిషి మంచివాడే కావచ్చు. కానీ వచ్చే ఏటి కౌలు కళ్ల ముందు ఆడుతుంది. ట్రిబ్యునల్ సంగతీ అంతే. మన కేసుల్లో అవతలి పక్షం చాలాసార్లు ప్రభుత్వమే. న్యాయమూర్తిని మళ్లీ నియమించాల్సిందీ ఆ ప్రభుత్వమే అయితే మన మాట ఎంతవరకు చెల్లుతుంది?

2013 భూసేకరణ చట్టం చూడండి. పరిహారం చాలకపోతే కలెక్టరు ద్వారా అథారిటీకి వెళ్లవచ్చు. ఆరు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది. అక్కడ కూర్చునే ప్రిసైడింగ్ అధికారి పదవీకాలం మూడేళ్లు, లేదా 65 ఏళ్ల వయసు వచ్చేదాకా. ఏది ముందైతే అది. మా ప్రాంతంలో కాలువ కింద భూములు పోయిన రైతులతో వాయిదాకు వెళ్తే, అధికారి గడువు అయిపోయింది, కొత్తవారు వచ్చాక తేదీ చెబుతామన్నారు. వచ్చినవారు కాగితాలన్నీ మళ్లీ మొదటి నుంచి చూశారు. ఈలోపు అప్పు మీద వడ్డీ మాత్రం ఆగలేదు.

మూడేళ్లు చాలవని సుప్రీంకోర్టు 2010లోనే, కంపెనీ ట్రిబ్యునల్ కేసులో చెప్పింది. పని మీద పట్టు చిక్కేసరికే గడువు ముగుస్తుందని, ఐదేళ్లో ఏడేళ్లో ఉండాలని చెప్పింది.

కేంద్ర ట్రిబ్యునళ్లలోనూ ఇదే సమస్య. 2010 నాటి చట్టం ప్రకారం జాతీయ హరిత ట్రిబ్యునల్ సభ్యులకు ఐదేళ్ల పదవి, పునర్నియామకం లేదు. మళ్లీ పదవి కోసం ఎవరినీ అడిగే పని లేదు. 2020లో తెలంగాణ రైతు ఒకరు వేసిన కేసులో, పర్యావరణ అనుమతి లేకుండా రాయలసీమ ఎత్తిపోతల పనులు చేయవద్దని ఆ ట్రిబ్యునల్ చెన్నై ధర్మాసనం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి చెప్పింది. ఆ పథకం మీద మనలో రెండు అభిప్రాయాలున్నాయి. ఆ గొడవ పక్కన పెట్టండి. ఒక రైతు అర్జీ మీద ప్రభుత్వాన్ని ఆగమనగలిగే కుర్చీ ఒకటి ఉండాలా, వద్దా?

2021లో కేంద్రం ట్రిబ్యునళ్ల సంస్కరణల చట్టం తెచ్చింది. పదవీకాలం నాలుగేళ్లు చేసింది, పునర్నియామకానికి తలుపు తెరిచింది. ఒక్కో ఖాళీకి కమిటీ రెండు పేర్లు పంపితే ఎంపిక ప్రభుత్వానిది. ఇలాంటి నిబంధనలనే అంతకుముందు నెలలో సుప్రీంకోర్టు కొట్టివేసినా మళ్లీ తెచ్చారు. చివరికి 2025 నవంబరు 19న ఈ చట్టంలోని నిబంధనలనూ కోర్టు కొట్టివేసింది. జాతీయ ట్రిబ్యునళ్ల కమిషన్ ఏర్పాటు చేయాలని కేంద్రాన్ని ఆదేశించింది.

పదవికి భరోసా ఇస్తే అధికారి ఇష్టారాజ్యం కాదా అని కొందరు అడుగుతున్నారు. మంచి ప్రశ్నే. తప్పు చేస్తే విచారణ జరిపి తొలగించే మార్గం ఉంది. తీర్పు తప్పయితే హైకోర్టుకు అప్పీలు ఉంది. జవాబుదారీ అలా ఉండాలి. పదవి ఆశ చూపించి తెచ్చుకునేది జవాబుదారీ కాదు, లొంగుబాటు.

మన డిమాండ్లు మూడు. భూసేకరణ అథారిటీ అధికారి పదవీకాలం ఐదేళ్లు చేయాలి. గడువు ముగిసేలోపే తర్వాతి వారిని నియమించాలి. కేసులో కక్షిదారుగా ఉన్న ప్రభుత్వం చేతిలో పునర్నియామకం ఉండకూడదు.

భూమి పోతున్నవారు ఒక మాట గుర్తుంచుకోండి. పరిహారం తీసుకునేటప్పుడు అభ్యంతరంతో తీసుకుంటున్నామని రాసి తీసుకోండి. అలా రాయకుండా తీసుకుంటే ఆ తర్వాత అథారిటీకి వెళ్లే హక్కు పోతుంది. అవార్డు ప్రకటించినప్పుడు మీరు అక్కడే ఉంటే ఆరు వారాల్లోపు కలెక్టరుకు అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి.

మన అర్జీ మనం గడువులోపు పెడదాం. దాన్ని వినే మనిషి భయం లేకుండా ఆ కుర్చీలో కూర్చునేలా సంఘంగా పోరాడదాం.