మాతలాలో తీరిక వేళ

గ్రీసులోని క్రీట్ దీవికి దక్షిణ తీరాన మాతలా అనే చిన్న ఊరుంది. ఊరి పక్కనే మెత్తని రాతికొండ, అందులో అంతస్తులుగా తొలిచిన గుహలు. రోమన్ల కాలంలో అవి సమాధులు. 1960లలో దేశదేశాల హిప్పీలు వచ్చి, ఆ సమాధుల్లోనే నిశ్చింతగా కాపురం పెట్టారు! కెనడా గాయని జోనీ మిచెల్ 1970లో ఇక్కడ కొన్నాళ్లు గడిపారు. మరుసటి ఏడాది వచ్చిన ‘బ్లూ’ ఆల్బమ్‌లోని ‘కేరీ’ పాట ఆ రోజుల గురించే.

ఇప్పుడు గుహల్లో మకాం కుదరదు, టికెట్ కొని చూడాల్సిందే.

ఆగస్టులో జనం కిటకిటలాడతారు. సెప్టెంబరు చివర వెళ్తే నీళ్లు వెచ్చగానే ఉంటాయి, తీరంలోని తావెర్నాల్లో (గ్రీకు భోజనశాలల్లో) వేయించిన చేపలు తింటూ సూర్యాస్తమయం చూడొచ్చు. ఉత్తరాన కొమోస్ తీరపు ఇసుకలో సముద్రపు తాబేళ్లు గుడ్లు పెడతాయి. దగ్గర్లోనే ఫైస్టోస్ రాజప్రాసాదపు శిథిలాలు. 1908లో అక్కడ దొరికిన మట్టి బిళ్ల మీది లిపి ఇంకా పండితులకు కొరుకుడు పడలేదు.