సారుకు ఏమియ్యాలె?

(తుంగతుర్తి మండలంలోని ఒక దళితవాడలో పిల్లల తల్లిదండ్రుల సభలో ఒక ఉపాధ్యాయ కార్యకర్త మాట్లాడిన మాటలకు రాత రూపం)



ఈ వాడలో ఒక అక్క బిడ్డకు గురుకులంలో ఐదో తరగతి సీటు వచ్చింది. బడి సారు పరీక్షకు ముందు కొన్ని నెలలు, బడి విడిచినంక ఆ పిల్లను కూసోబెట్టి లెక్కలు చెప్పిండు. పైస తీసుకోలేదు. ఇప్పుడు ఆ అక్క అడుగుతున్నది, సారుకు ఏమియ్యాలె అని. చేతి గడియారమా, ప్యాంటు షర్టు గుడ్డలా, నాటుకోడి పుంజా? కూలికి పోతేనే పొయ్యి అంటుకునే ఇల్లు. అయినా రెండు వేలు అప్పు తెస్తనంటున్నది.

భూమి సమస్య, కూలి రేట్ల సమస్య ఉండంగ ఇదేం ముచ్చటని కొందరు తమ్ముళ్లు నవ్విండ్రు. మేము నవ్వలేదు. ఇచ్చేకాడ, తీసుకునేకాడ కులం బయటపడ్డట్టు ఇంకెక్కడా బయటపడదు.

మనం పుట్టిన నేల ఎసుంటిదో ముందు గుర్తు చేసుకోవాలె. నిజాం కాలంలో ఈ సూర్యాపేట ప్రాంతమంతా దొరల గడీల కింద నలిగింది. దొర ఇంట్ల పెండ్లి అయితే ఊరంతా నజరానా కట్టాలె. మాదిగలు చెప్పులు కుట్టియ్యాలె, మోటకు తోలు ఇయ్యాలె, అన్నీ ఉత్తగనే. గొల్లలు గొర్రెను ఇయ్యాలె, గౌండ్లు కల్లు పొయ్యాలె. 1946 నుంచి 1951 దాకా జరిగిన పోరాటం ఈ వెట్టి మీదనే మొదలయింది. వెట్టి పోయింది గాని, పెద్దమనిషి ముందరికి ఉత్త చేతులతో పోవద్దనే భయం మన ఒంట్ల నుంచి ఇంకా పోలేదు. పట్వారి దగ్గరికి పోయినా, పోలీసు స్టేషన్‌కు పోయినా చేతుల ఏదో ఒకటి పట్టుకొనే పోయిన జాతి మనది.

అందుకే ఏమిస్తే బాగుంటదని అడిగే ముందు ఇంకో మాట అడుగుకోవాలె. ఇయ్యకపోతే ఏమైతదని లోపల గుబులు ఉన్నదా? పిల్లను వెనక బెంచీల కూసోబెడ్తడనో, మార్కులు కోస్తడనో భయం ఉన్నదా? ఉంటే అది బహుమతి కాదు, నజరానానే. గడీకి మోసినట్టే బడికి మోస్తున్నమని అర్థం. సారుకు జీతం ప్రభుత్వం ఇస్తది. ప్రభుత్వానికి మనమిస్తం, అగ్గిపెట్టె కొన్నా సబ్బు కొన్నా పన్ను కడుతనే ఉన్నం. 1964 నాటి ఉద్యోగుల ప్రవర్తనా నియమాలు కూడా విలువైన బహుమతులు ముట్టవద్దనే చెబుతున్నయి. ఈ సంగతి మా తోటి ఉపాధ్యాయులకు చెబితే ముఖం చిట్లిస్తరు. చిట్లించుకోనియ్యండి.

గురుదక్షిణ అనే మాటను పుస్తకాలల్ల ఎంతో పవిత్రంగ రాస్తరు. మనకు మాత్రం ఆ మాట వింటే ఏకలవ్యుడు యాదికొస్తడు. ద్రోణుడు ఏకలవ్యునికి ఒక్క పాఠం చెప్పలేదు. నువ్వు నిషాదునివి, నీకు చెప్పనని పంపించిండు. పిల్లగాడు మట్టిబొమ్మను పెట్టుకొని తనంతట తానే నేర్చుకున్నడు. చెప్పని పాఠానికి ద్రోణుడు ఫీజు వసూలు చేసిండు, అది కూడా కుడిచేతి బొటనవేలు. ఎందుకు? రాజు కొడుకు అర్జునుని కంటే విలుకాడు ఇంకొకడు ఉండొద్దని. ఆ బొటనవేలు ఒక్కసారి తెగింది. మన తాతల బొటనవేళ్లు తెగకుండనే పనికిరాకుండ పోయినయి, దొర కాగితం మీద ముద్ర ఏసుటానికే పనికొచ్చినయి. ఇప్పుడు ఆ వేలుతోనే మన పిల్లలు కలం పట్టుకున్నరు. గురువుకు దక్షిణ బాకీ ఉన్నమని ఎవరన్నా మనకు నీతులు చెప్పవస్తే ఈ లెక్క కూడా తియ్యాలె.

ఇంకో ముచ్చట ఉన్నది. అసలు ముచ్చట ఇదే.

మన చేతిలో నుంచి ఏం తీసుకుంటరు, ఏం తీసుకోరు? బియ్యం తీసుకుంటరు. పప్పు తీసుకుంటరు. కూరగాయలు, కోడి, మేకపిల్ల, గుడ్డలు, గడియారం, నోట్లు అన్నీ తీసుకుంటరు. అవి అంటుకావు. వండిన అన్నం తీసుకోరు. ముంతల నీళ్లు తాగరు. పాతకాలంలో అయ్యగారికి స్వయంపాకం ఇచ్చేటోళ్లు, అంటే వండని సరుకు. ఇచ్చేటోని చెమట పనికొస్తది, చెయ్యి పనికిరాదు. ఇది ఏ శాస్త్రం చదవకుండనే మన ముసలమ్మలకు తెలిసిన సంగతి.

మేము బడి ఉద్యోగంలో ఇన్నేండ్ల నుంచి ఇది చూస్తనే ఉన్నం. వాడ నుంచి పోయిన సొరకాయ స్టాఫ్ రూముల నవ్వుకుంట పంచుకుంటరు. అదే వాడల ఇంటింటి సర్వేకు వచ్చినప్పుడు ఎండల చెమటలు కారుతున్నా మంచినీళ్లు వద్దంటరు. గడప అవుతలనే నిలబడి రాసుకుంటరు. అందరూ అసుంటోళ్లేనని మేము అనం. మంచంల కూసోని చాయ తాగి, ఇంకో కప్పు అడిగినోళ్లూ ఉన్నరు. వాళ్లను పిల్లలు ఎన్నటికీ మరువరు.

కాబట్టి ఆ అక్కకు మా సలహా ఇది. అప్పు తేవద్దు. గడియారం కొనవద్దు. సారును ఇంటికి పిలువు, అన్నం పెట్టు. జొన్నరొట్టె చెయ్యి, పుంటికూర వండు. ఆయన నీసు తినేటోడైతే కోడి కొయ్యి, తిననోడైతే పప్పు చెయ్యి. కూర ఏదన్నది లెక్క కాదు, కంచం లెక్క. మీ ఇంటి కంచంల, మీతో పాటు కూసోని తినాలె. పక్కన పిల్ల కూడా తినాలె. ఆ పిల్ల పెద్దగయినంక ఏ కాలేజీల చదివినా, మా సారు మా ఇంట్ల అన్నం తిన్నడని చెప్పుకుంటది. రెండు వేల గడియారం ఈ పని చెయ్యలేదు.

రాకపోతే? పని ఉన్నదంటే నిజంగనే ఉండొచ్చు, ఇంకోసారి పిలువాలె. మూడోసారి కూడా పని ఉన్నదంటే సంగతి తెలిసిపోతది. అప్పుడు కొట్లాట పెట్టుకోవద్దు, పిల్ల ముందర ఆ మాట ఎత్తవద్దు. ఆయన లెక్కలు చెప్పింది నిజం. ఆ మేరకు కృతజ్ఞత చెప్పాలె, అంతకన్నా ఎక్కువ వంగొద్దు.

అన్నంతో పాటు పిల్ల చేత ఒక ఉత్తరం రాయించండి. అచ్చులో దొరికే కార్డులు వద్దు, నోటుబుక్కు కాగితం చాలు. ఏ లెక్క రాకుంటే ఎట్ల చెప్పిండో, భాగహారం ఎప్పుడు సమజైందో పిల్ల సొంత మాటల్ల రాయాలె. తప్పులు దిద్దకండి. మా పెట్టెల ఇసుంటి కాగితాలు ఉన్నయి. దండలు, శాలువాలు ఎటుపోయినయో తెల్వదు గాని అవి మాత్రం ఉన్నయి.

మన కులం సారయితే సంగతి ఇంకో రకం. చదువుకొని కొలువు వచ్చినంక సూర్యాపేటల ఇల్లు కట్టుకొని, వాడ దిక్కు చూడనోళ్లు మనలనే ఉన్నరు. వాళ్లను అన్నానికి పిలిస్తే ఇరుగుపొరుగుకు కులం తెలుస్తదని భయపడుతరు. వాళ్లనే ముందుగాల పిలువాలె.

ఇక ప్రైవేటు బళ్ల సంగతి. సెప్టెంబరు 5 వస్తే చాలు, తరగతికి ఇంత అని పిల్లల దగ్గర చందాలు వసూలు చేస్తున్నరు. తేనోడు వెనక నిలబడి చప్పట్లు కొట్టాలె. 1962 నుంచి జరుపుతున్న పండుగ అది, పేదపిల్లలు తలకాయ దించుకునే పండుగ కావొద్దు. తల్లిదండ్రులు పదిమంది కలిసి పోయి చందాలు బంద్ చెయ్యమని అడగాలె. ఒక్కరే పోతే పిల్లగానికి కష్టం.

బహుమతి ఎప్పుడూ కింది నుంచి పైకే పోవాలని ఎవరన్నరు? బొంబాయిలో అంబేడ్కర్ పరీక్ష పాసైనప్పుడు మహార్ పిల్లగాడు ఇంత చదివిండని సభ పెట్టిండ్రు. ఆ సభలో కృష్ణాజీ అర్జున్ కేలుస్కర్ అనే ఉపాధ్యాయుడు తాను రాసిన బుద్ధుని చరిత్రను ఆ పిల్లగానికి కానుకగ ఇచ్చిండు. బరోడా మహారాజు దగ్గరికి తీసుకపోయి స్కాలర్‌షిప్ ఇప్పించింది కూడా ఆయననే. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ లక్షలాది జనంతో బౌద్ధం తీసుకున్నడు. ఆ దారిల మొదటి పుస్తకం ఒక సారు చేతి నుంచి వచ్చింది. సావిత్రిబాయి ఫూలే 1848లో పుణెలో ఆడపిల్లలకు బడి పెట్టినప్పుడు ఊరు ఆమెకు ఇచ్చిన కానుక పేడ, బురద. మార్చుకునేతందుకు ఇంకో చీర సంచిల పెట్టుకొని పొయ్యేదట. మన తెలంగాణలో ఆమె పుట్టినరోజు జనవరి 3ను 2025లో మహిళా ఉపాధ్యాయుల దినంగ ప్రకటించిండ్రు. ఆ రోజు మన వాడలల్ల టీచరమ్మలను పిలిచి కూసోబెట్టి మాట్లాడుకోవచ్చు. శాలువా కప్పాలనుకుంటే ఆ పైసలతోని బడికి రెండు పుస్తకాలు కొనండి, లోపల పిల్ల పేరు రాసి ఇయ్యండి.

సంగం తమ్ముళ్లు చెయ్యాల్సిన పని ఒకటి మిగిలి ఉన్నది. 2003 నుంచి మన బళ్లల్ల మధ్యాహ్న భోజనం వండుతున్నరు. వంట పనిలో దళితులకు ముందు అవకాశం ఇయ్యాలని 2004లో సుప్రీంకోర్టు చెప్పింది. పిల్లలకు వడ్డించే ముందు సార్లు రుచి చూడాలన్న నియమం కూడా ఉన్నది. మన మండలంల ఏ బడిల ఎవరు వండుతున్నరు? సారు ఆ అన్నం తింటున్నడా, ఇంటి నుంచి టిఫిన్ డబ్బా తెచ్చుకొని గదిల తలుపు వేసుకుంటున్నడా? 2024లో పెట్టిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలల్ల మన ఆడవాళ్లు ఎందరున్నరు, మీటింగుల మాట్లాడుతున్నరా, సంతకాలకే పిలుస్తున్నరా? ఒక్కొక్క ఊరికి ఇద్దరు చొప్పున పోయి చూసి, రాసుకొని వచ్చే సమావేశానికి తేవాలె. మధ్యాహ్నం పన్నెండున్నరకు పోతే అన్నం వడ్డించే యాళ్లకు అందుతరు.