చెడిన ఫైలు, దక్కిన లెక్క

చెదలు పట్టిన చిట్టాలో ఒక పుట పోయినను తక్కిన పుటలు చదువుకొన వీలుండెడిది. నేడు ఇంటి జమాఖర్చులు మొదలు పొదుపు సంఘముల పద్దులవరకు కంప్యూటరులోని స్ప్రెడ్‌షీట్లలోనికి చేరినవి. 1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ అను ఇరువురు అమెరికనులు 'విసికాల్క్' పేర ఈ సాధనమును చిన్న కంప్యూటరులకు తెచ్చిరి. నాటినుండి సౌకర్యము పెరిగినది. అయితే ఒకనాడు ఫైలు తెరువబోగా అది చెడినదను మాట తెరపై కనబడినచో, పండ్రెండుమంది సభ్యుల యేడాది పొదుపు ఒక్కసారిగా మాయమైనట్లు తోచును. నిజముగా మాయమైనదా? చాలసార్లు కాలేదు.

2007నుండి ఎక్సెల్ వాడుచున్న ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ ఫైలు, అనేక చిన్న పత్రములను కుదించి 'జిప్' పద్ధతిలో కట్టిన మూట. ఆ పత్రముల జాబితా మూట చివర ఉండును. ఫైలు నకలగుచుండగా పెన్‌డ్రైవును లాగివేసినను, విద్యుత్తు ఆగిపోయినను చివరి భాగము తెగిపోవచ్చును. జాబితా లేని మూటను ఎక్సెల్ మామూలుగా విప్పజాలదు. కాని తెగిపోని పత్రములు ఉన్నచోటనే ఉండును. ప్రతి పత్రమునకు ముందు దాని పేరు తెలుపు చిన్న శీర్షిక కలదు. జిప్ మరమ్మతు సాధనములు ఆ శీర్షికలను వెదకి జాబితాను తిరిగి కూర్చగలవు.

మొదట చేయవలసిన పని చెడిన ఫైలునకు నకలు తీయుట. చికిత్స యంతయు నకలు మీదనే జరుగవలెను. పిమ్మట ఎక్సెల్‌లో ఫైలును ఎంచుకొని, 'ఓపెన్' మీట ప్రక్కనున్న బాణపు గుర్తును నొక్కినచో 'ఓపెన్ అండ్ రిపేర్' అనునది కనబడును. అందు 'రిపేర్' ఫలింపకున్న 'ఎక్స్‌ట్రాక్ట్ డేటా'ను ప్రయత్నింపవలెను. అదియు కానిచో, ఉచితముగా దొరకు లిబ్రెఆఫీస్‌తో తెరచి చూడవచ్చును. ఎక్సెల్ తెరువని ఫైలు ఒక్కొక్కప్పుడు అందు తెరచుకొనును. చివరి యుపాయము, నకలు పేరు చివర 'జిప్' అని మార్చి మూటను విప్పుట.

విప్పినవారికి ఒక వింత కనబడును. సాధారణముగా అంకెలు ఒక పత్రములోను, పేర్లు మొదలగు మాటలు వేరొక పత్రములోను ఉండును. పేరుండవలసిన గడిలో ఆ పేరు ఎన్నవదో తెలుపు సంఖ్య మాత్రమే యుండును. తేదీలును సంఖ్యలే. 45292 అని కనబడినచో కలవరపడ నక్కరలేదు; అది 2024 జనవరి 1. కాని మాటల పత్రము నశించి, అంకెల పత్రము మిగిలినచో, ఎంత సొమ్మో తెలియును గాని ఎవరిదో తెలియదు.

ఇచ్చటనే లెక్క వ్రాయువాని నిజాయితీకి పరీక్ష. జ్ఞాపకమును నమ్మి పేర్లు నింపుట సులభము. మొత్తము సరిపోయినదని సంతోషింపరాదు. ఇద్దరి పద్దులు తారుమారైనను మొత్తము సరిగనే యుండును. ఊహించి వ్రాసిన పేరు పోయిన పేరుకన్న హానికరము. ఖాళీ గడి ప్రశ్న వేయును, తప్పు గడి నోరు మూయించును. కావున ప్రతి వరుసను సభ్యుల పాసుపుస్తకములతోను, రసీదులతోను పోల్చి, వారి యెదుటనే నింపవలెను. తేలని గడిని ఖాళీగనే విడువవలెను.

ఇంత శ్రమ రాకుండుటకు మార్గము మన పెద్దలెరిగినదే. తాళపత్రములు శిథిలము కాకమునుపే వేరొక ప్రతి వ్రాసినవారి వలననే మన గ్రంథము లెన్నియో నిలిచినవి. లెక్కకు మూడు ప్రతులుంచుడు. అందొకటి వేరొక యింట నుండవలెను. చెడిన ఫైలును మంచి ప్రతిపై ఎన్నడును వ్రాయకుడు. నెలకొకమారు ఆ ప్రతులను తెరచి చూడుడు. తెరచి చూడని నకలు ఉన్నదో లేదో ఆపద వచ్చినపుడు గాని తెలియదు.